యుద్ధం జరిగిన ఊళ్లో పార పట్టే ముందు: మిషన్‌కు వెళ్లే మన జిల్లాల జవాన్లకు

ఐక్యరాజ్యసమితి మిషన్‌కు వెళ్లే మన పాలమూరు, నల్గొండ కుర్రాళ్లలో కొందరికి సివిల్–మిలిటరీ సమన్వయం పని పడుతుంది. సైన్యంలో అందరూ సిమిక్ అనే అంటారు. తోటివాళ్లు గస్తీకి పోతుంటే నువ్వు ఊళ్లు తిరిగి బడి పైకప్పులు, బోరింగులు, పశువుల శిబిరాలు చూసుకుంటావు. "నీకేం, హాయి పని" అని మెస్‌లో ఎగతాళి చేస్తారు. చేయనీ. నేను సైన్యం ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో సుబేదారుగా రిటైరయ్యాను. దక్షిణ సూడాన్‌లోని జోంగ్లే రాష్ట్రంలో ఈ పని చేశాను. ఇప్పుడు నాగర్‌కర్నూల్ పక్కన మా ఊళ్లో ఉన్న కాస్త పొలం చూసుకుంటున్నాను. సెలవులో వచ్చిన కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను. నా పట్టింపు ఒక్కటే: కట్టినదాన్ని ఎవరి చేతిలో పెట్టి వస్తున్నావో తేలేదాకా పార పట్టకు. మిగతాదంతా దానికి వివరం.

ముందు కాగితాలు

మిషన్‌కు పని అప్పగించే భద్రతా మండలి తీర్మానాన్ని కోర్సులో చదివిస్తారు. ఢిల్లీలో శాంతి పరిరక్షణ శిక్షణ కేంద్రం 2000 నుంచి నడుస్తోంది. అక్కడివాళ్లు చెప్పేది నిద్రపోకుండా విను. చాలామంది ఆ తీర్మానాన్ని పరీక్ష కోసం చదివి మరిచిపోతారు. నీ పనికి హద్దురాళ్లు ఉండేది అందులోనే.

దక్షిణ సూడాన్ సంగతే చూడు. 2011 జూలై 9న స్వతంత్ర దేశమైంది. అప్పుడు మిషన్‌కు అప్పగించిన బాధ్యత కొత్త రాజ్యాన్ని నిలబెట్టడం. పోలీసు ఠాణాకు గోడ కట్టినా, జిల్లా కార్యాలయానికి రేకులు వేసినా ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. 2013 డిసెంబరులో పాలకుల మధ్యే చీలిక వచ్చి అంతర్యుద్ధం మొదలైంది. 2014 మే నెలలో 2155వ తీర్మానం వచ్చింది. పౌరుల రక్షణ ముందుకు వచ్చి, రాజ్య నిర్మాణం పక్కకు పోయింది. ఆ తరువాత అదే ఠాణాకు గోడ కట్టావంటే యుద్ధంలో ఒక పక్షానికి కట్టిపెట్టినట్టే. కాబట్టి తీర్మానం ఏం చెబుతోందో చూడకుండా మేస్త్రీని పిలవకు.

డబ్బు రెండు సంచుల్లో ఉంటుంది. ఒకటి నీ దళం సొంతంగా చేసే చిన్నాచితకా పనులది. రెండోది మిషన్ నడిపే సత్వర ఫలిత పథకాలది. వాటిని క్విప్స్ అంటారు: ఒక్కో పనికి 50,000 డాలర్లు మించకూడదు, 6 నెలల్లో ముగియాలి. జనానికి మిషన్ మీద, శాంతి ప్రక్రియ మీద నమ్మకం కలిగించడానికే ఈ నిధి అని దాని నిబంధనలే చెబుతాయి. అభివృద్ధి పేరు చెప్పి ఊళ్లో ఉపన్యాసం ఇవ్వకు. నీకంటే ముందు ఆ ఊరికి ఎన్నో వాహనాలు వచ్చి వెళ్లాయి. ఏ వాహనం ఎందుకు వస్తుందో వాళ్లకు బాగా తెలుసు.

ఇక ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారో చూపే పట్టిక ఒకటి ఉంటుంది. ఐక్యరాజ్యసమితి మానవతా సమన్వయ కార్యాలయం, అంటే ఓచా, దాన్ని తయారు చేస్తుంది. నీళ్లు, ఆరోగ్యం, చదువు, తిండి, ఇలా ఒక్కో రంగానికి ఒక్కో క్లస్టర్ సమావేశం జరుగుతుంది. నీళ్ల సమావేశానికి వెళ్లి వెనక కుర్చీలో కూర్చుని విను. నువ్వు వేద్దామనుకున్న బోరు వచ్చే నెలలో ఇంకెవరో వేయబోతున్నారని అక్కడ తెలుస్తుంది.

ఆ సమావేశంలో కొందరు నీతో మాట్లాడరు. నిన్ను చూసి కుర్చీ జరుపుకునేవాళ్లూ ఉంటారు. అలగకు. సహాయం అందించడానికి సైన్యాన్ని వాడుకోవడం చిట్టచివరి మార్గం కావాలని వాళ్ల మార్గదర్శకాల్లో రాసి ఉంటుంది, దానికి తగిన కారణం ఉంది. 2004లో దక్షిణ అఫ్గానిస్తాన్‌లో సంకీర్ణ సేనలు కరపత్రాలు పంచాయి: సాయం ఆగకూడదంటే తాలిబన్ల సమాచారం చెప్పండి అని. వైద్య సహాయ సంస్థలు మండిపడ్డాయి. అదే ఏడాది జూన్‌లో బాద్గీస్ రాష్ట్రంలో ఎంఎస్ఎఫ్ అనే వైద్య సహాయ సంస్థకు చెందిన ఐదుగురిని దుండగులు కాల్చి చంపారు. ఆ సంస్థ కొద్ది వారాల్లోనే ఆ దేశంలో పని మూసేసింది. నీ యూనిఫాం నీడ ఒక డాక్టరు మీద పడితే రెండో పక్షం దృష్టిలో ఆ డాక్టరు కూడా నీ మనిషే అవుతాడు. వాళ్ల ఆవరణలోకి ఆయుధంతో అడుగు పెట్టకు. వాళ్ల గేటు ముందు వాహనం ఆపకు. వాళ్ల దగ్గర సమాచారం లాగాలని చూడకు. మాట్లాడాలంటే ఓచా సమన్వయ అధికారి ద్వారా కబురు చేయి.

తుపాకీ పట్టుకుని అడిగితే

1948 సెప్టెంబరు 17 తరువాత హైదరాబాద్ రాజ్యానికి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నరు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది ఆ సైనిక పాలనలోనే. అదే కాలంలో నల్గొండ పల్లెల్లో సైన్యం కమ్యూనిస్టు దళాల కోసం గాలించింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా అది సాగింది. మా అత్తగారి ఊరు మర్రిగూడ వైపు. పగలు వచ్చిన మిలిటరీకి ఒక జవాబు, రాత్రి వచ్చిన దళానికి ఇంకో జవాబు చెప్పి బతికామని అక్కడి ముసలివాళ్లు అనేవారు. ఎవరు అడిగినా తల ఊపేవాళ్లట. నువ్వు అక్కడ వాహనం దిగేసరికి ఆ పగటి మిలిటరీవి నువ్వే. వాళ్ల తలలు ఊగుతాయి. ఆ ఊపును నమ్మి అంచనా వేశావో, పని చెడినట్టే.

తుపాకులు వదిలి వెళ్లమని నేను చెప్పను. 2013 ఏప్రిల్‌లో జోంగ్లేలో కాన్వాయ్‌కు కాపలాగా వెళ్లిన మనవాళ్లు ఐదుగురు చనిపోయారు. డిసెంబరులో అకోబో శిబిరం మీద దాడిలో ఇద్దరు పోయారు. కాపలా ఉండాలి, కానీ ఊరి అంచున, బయటివైపు చూస్తూ ఉండాలి. మాట్లాడేవాడు హెల్మెట్, నల్లకళ్లద్దాలు తీసేయాలి. వాళ్లు కూర్చున్న ఎత్తులోనే కూర్చోవాలి. కుర్చీ వేస్తే పక్కనున్న పెద్దమనిషికి కూడా వేశారేమో చూసి కూర్చో.

మొదట ఎవరిని కలవాలన్నదానికి ఒక వరస ఉంది. అక్కడ అన్నిటికంటే చిన్న పాలనా విభాగం బోమా, దాని పైన పాయం, ఆ పైన కౌంటీ. కౌంటీ కమిషనరుకు చెప్పకుండా బోమాకు వెళితే కమిషనరుకు కోపం; కమిషనరు మనిషిని వెంటబెట్టుకుని వెళితే బోమా పెద్ద నోరు విప్పడు. కమిషనరుకు ముందురోజే చెప్పు, ఊరికి మాత్రం విడిగా వెళ్లు. పెద్దతో మాట్లాడాక అక్కడితో ఆగకు. పొద్దున్నే నీళ్ల దగ్గరికి వెళ్లు. అక్కడ ఉండేది ఆడవాళ్లు. దళంలో మహిళా జవాన్లు ఉంటే వాళ్లనే పంపు, నువ్వు దూరంగా ఉండు. పెద్ద చెప్పిన "మా ఊళ్లో గొడవలేవీ లేవు" అన్న మాట నిజమో కాదో ఆ వరసలో ఎవరి బిందె వెనక ఉందో చూస్తే తెలుస్తుంది.

దుబాసీ ఎవరి మనిషి అన్నది ముందే తెలుసుకో. డింకా తెగ కుర్రాణ్ని తీసుకుని వాళ్లతో వైరమున్న నుయేర్ తెగ ఊరికి వెళితే, అతడు ఎంత మంచివాడైనా, నీకు చెవులు లేనట్టే. అతడి ప్రాణానికి కూడా ముప్పు.

"మీకేం కావాలి?" అని అడగకు. ఈ ప్రశ్న వేసిన అధికారులు మన ఊళ్లకు కూడా చాలామంది వచ్చారు. ఆ ప్రశ్నకు జవాబుగా బడి, ఆసుపత్రి, రోడ్డు, మోటారు అన్నీ చెబుతారు, నువ్వు రాసుకుంటావు, రాసుకున్నావంటే ఇస్తానన్నట్టే వాళ్ల లెక్క. దానికి బదులు, ఈ రోజు నీళ్లు ఎక్కడినుంచి తెచ్చారు, పోయిన వానాకాలం పిల్లకు జ్వరం వస్తే ఎటు మోసుకుపోయారు, ఆ బాటలో ఎవరు ఆపుతారు అని అడుగు. నోటుపుస్తకం మొదటిరోజు బయటికి తీయకు. రాత్రి శిబిరానికి వచ్చి రెండు గడులు గీసి రాసుకో: ఒక గడిలో వాళ్లు అడిగింది, రెండో గడిలో నువ్వు సరిగ్గా ఏ మాట అన్నావన్నది. "చూద్దాం" అన్నా రాసుకో. ఆ మాట వాళ్లు మరిచిపోరు.

ఇంకొకటి. వాహనంలోంచి పిల్లలకు బిస్కెట్లు, నీళ్ల సీసాలు విసరకు. మరుసటి వాహనం కిందికి ఉరికేది ఆ పిల్లలే.

బోరింగు

జనం కొత్త బోరు అడుగుతారు, పైఅధికారి కొత్త బోరు ఫొటో అడుగుతాడు. నువ్వు ముందు పాడైపోయిన బోరింగులు లెక్కబెట్టు. దక్షిణ సూడాన్‌లో ఎక్కువగా కనిపించేది మన ఇండియా మార్క్ టూ బోరింగే. 1970లలో మన దేశంలో, యూనిసెఫ్ సాయంతో, కరవు ఊళ్ల కోసం తయారైన ఆ పంపునే నేను చిన్నప్పుడు మా ఊళ్లో కొట్టాను. నైలు నది పక్కన అదే పిడి చూడగానే చేయి దానంతట అదే పోయింది.

నీళ్లు రాని బోరింగును చూడగానే "బోరు ఎండిపోయింది" అంటారు. నమ్మకు, పరీక్షించు. నీళ్లు ఏ కొంచెమైనా వస్తుంటే, నిమిషంలో నలభై దెబ్బలు కొట్టి బకెట్టులో కొలువు. పన్నెండు లీటర్లకు బాగా తగ్గితే లోపల వాషర్లు అరిగాయి. నీళ్లు వచ్చాక కొట్టడం ఆపి అరగంట ఆగి మళ్లీ కొట్టు. మొదటి నాలుగైదు దెబ్బల్లో నీళ్లు అందకపోతే అడుగు వాల్వు కారుతోంది, లేదా పైపు జాయింటు దగ్గర చిల్లు పడింది. ఈ రెండు పరీక్షలకు బకెట్టు, గడియారం చాలు.

వాషరు మార్చడం చేసి చూపిస్తేగాని రాదు, అయినా రాస్తాను. పైన తల మూత బోల్టు విప్పు. పిడిని ఎత్తి పట్టుకుంటే గొలుసు వదులవుతుంది. గొలుసును పిడి నుంచి విడదీయి. కడ్డీ లోపలికి జారిపోకుండా ముందే బిగించు. తల, నీళ్ల తొట్టి విప్పి పక్కన గుడ్డ మీద పెట్టు. మట్టిలో పెడితే ఆ మట్టే రేపు వాషరును కోస్తుంది. తరువాత పైపులు. ఒక్కోటి మూడు మీటర్ల ఇనుప పైపు. ఒకటి లాగు, క్లాంపు బిగించు, విప్పు, మళ్లీ లాగు. లోతు ముప్పై మీటర్లయితే పది పైపులు. బిగింపు వదిలితే మొత్తం వరస బోరులోకి పడిపోతుంది, ఆ బోరు ఇక పనికి రాదు. అందుకే క్లాంపు దగ్గర నీ మనిషిని పెట్టకు, రేపు ఆ పని చేయాల్సిన ఊరి మనిషినే పెట్టి, వాడి చేయి మీద నీ చేయి ఉంచు. చివరికి సిలిండరు బయటికి వస్తుంది. విప్పితే లోపల గిన్నె ఆకారంలో రెండు వాషర్లు. అంచులు పలచబడి నాలుకలా వేలాడుతుంటాయి. ఇన్ని బిందెలు వరసలో నిలబడింది ఆ రెండు ముక్కల కోసం.

మార్క్ త్రీ అయితే తల విప్పి కడ్డీతోపాటు ప్లంజరును పైకి లాగేయవచ్చు, పైపులు తీయనక్కరలేదు. దాని పైపు లావు, ఖరీదు ఎక్కువ. కొత్తది వేయాల్సి వస్తే నేను మార్క్ త్రీనే అడుగుతాను, ఎందుకంటే అందులో వాషరు మార్చడానికి బలగం అక్కరలేదు, నీళ్లు మోసే ఆడవాళ్లు నలుగురు చేసుకోగలరు. కానీ ఆ జిల్లా కేంద్రంలో ఏ పంపు సామాను దొరుకుతుందో చూసి తేల్చుకో. సామాను దొరకని మంచి పంపు కంటే సామాను దొరికే పాత పంపు నయం.

కొత్త బోరే వేయాలని తేలితే, ఒక చేతి పంపుకు 500 మందికి మించకూడదు, మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు అందాలి, ఇల్లు అర కిలోమీటరు దాటకూడదు. ఇవి సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు. ఎవరితో మాట్లాడినా ఈ లెక్కే చెబుతారు. మరుగుదొడ్డికి, బోరుకు మధ్య 30 మీటర్లు వదులు. పంపు చుట్టూ గచ్చు, గచ్చు నుంచి కాలువ, కాలువ చివర దూరంగా పశువుల తొట్టి. తొట్టి లేకపోతే పశువులు గచ్చు ఎక్కుతాయి, కాపరికీ బిందె పట్టుకున్న అమ్మాయికీ గొడవ అవుతుంది. అక్కడ కాపరుల చేతిలో కర్ర ఉండదు, ఏకే–47 ఉంటుంది.

నీటి పరీక్ష సంగతి నల్గొండ వాడికి ఇంకొకరు చెప్పాలా? మంచినీళ్లు లేవని బోర్లు వేసుకున్నాం. ఆ రాతి పొరల నీళ్లలో ఫ్లోరైడ్ వచ్చింది. మా మామగారు చివరి రోజుల్లో ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాల్సిందే. మెడ, వెన్ను కలిసి ఒకే కట్టెగా బిగుసుకుపోయాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను పేరబెట్టి అడుగుకు దింపే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు 1970లలో దాన్ని రూపొందించారు. తూర్పు ఆఫ్రికా లోయ దేశాల్లోనూ నీళ్లలో ఇదే బాధ ఉంది, ఈ పద్ధతిని అక్కడా ప్రయత్నించారు. బోరు వేసిన రోజు చప్పట్లు కొట్టినవాళ్లే ఇరవై ఏళ్ల తరువాత వంగిపోతారు, అప్పటికి నువ్వెక్కడో ఉంటావు. కాబట్టి ప్రయోగశాల ఫలితం చేతికి వచ్చేదాకా పంపుకు పిడి బిగించకు. పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా ఈ ఒక్కచోట మొండిగా ఉండు.

చివరికి కమిటీ. మన చెరువులకు నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో అతడి చేతిలో ఉండేది, ఊరు అతడికి గింజలు ఇచ్చేది. అలాంటి మనిషి, అలాంటి ఏర్పాటు అక్కడా ఏదో రూపంలో ఉంటుంది. వెతుకు. కొత్త కమిటీకి ఎన్నిక పెట్టేముందు పాత ఏర్పాటును అడుగు. స్పానర్లు, క్లాంపులు, రెండు జతల వాషర్లు ఒక పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నీళ్లు మోసేవాళ్లలో ఒకరికి ఇవ్వు. పెద్దమనిషికి ఇస్తే గౌరవం దక్కుతుంది, పెట్టె మాత్రం కౌంటీ కేంద్రంలో తేలుతుంది. మాకంటే చాలా ముందు వచ్చిన ఒక దళం ఒక ఊళ్లో చక్కటి బోరింగు వేసి, సామాను పెట్టెను మాత్రం తమ శిబిరంలోనే భద్రంగా దాచుకుంది. దళం ఇంటికి వెళ్లింది, పెట్టె కూడా వెళ్లింది.

కూలి డబ్బు

ఈ విషయంలో నాకు కొంచెం కోపం ఎక్కువ, చదివేవాళ్లు ఓర్చుకోవాలి. మా అమ్మానాన్నలు గుంపు మేస్త్రీ వెంట మన్ను పనికి వెళ్లినవాళ్లు. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలో ఎన్నో ఆనకట్టల మీద పాలమూరు కూలీల తట్టలు పడ్డాయి. పండుగ ముందు అడ్వాన్సు, తరువాత నెలల తరబడి పని, చివరికి లెక్క మేస్త్రీ నోట్లో. ఎంత మిగిలిందో అతడు చెబితేనే తెలిసేది.

అక్కడ కూడా పని మొదలు కాగానే ఒక మనిషి జాబితా పట్టుకుని వస్తాడు. పేర్లన్నీ ఒకే వంశానివి. నీకు సులువుగా ఉంటుంది: ఒక్కడికి డబ్బిస్తే అతడే పంచుకుంటాడు. ఆ సులువు వద్దు. మనిషి మనిషికీ చేతికివ్వు, పట్టపగలు, అందరి ఎదుట, వేలిముద్ర తీసుకుని. మస్టరు ప్రతి సాయంత్రం అక్కడే పైకి చదివించు. ఉపాధి హామీ పనుల్లో మన ఊళ్లలో సామాజిక తనిఖీ చూసినవాళ్లకు ఇది తెలుసు: చచ్చిపోయినవాళ్ల పేర్లు మస్టర్లో ఎలా బతుకుతాయో, పైకి చదివితే ఎలా దొరికిపోతాయో. కొట్లాడుకున్న రెండు వర్గాలు ఆ చుట్టుపక్కల ఉంటే ఇద్దరినీ తీసుకో, కానీ మొదటిరోజే ఒకే గుంతలో దింపకు. చెరో చివరినుంచి తవ్వుకుంటూ రమ్మను.

రేటు ఎక్కువ ఇచ్చి పేరు తెచ్చుకోవాలని చూడకు. అక్కడ బడిపంతులుకు నెలల తరబడి జీతం అందదు. నీ కూలి అతడి జీతాన్ని మించితే బడి వదిలి రాళ్లు మోయడానికి వస్తాడు. నువ్వు బడికి పైకప్పు వేస్తుంటే లోపల పంతులు ఉండడు. స్వచ్ఛంద సంస్థలు ఇచ్చే రేటు ఎంతో క్లస్టర్‌లో కనుక్కుని అంతే ఇవ్వు. కూలి పంచే రోజు మాత్రం ముందుగా చాటించకు. ఆయుధాలున్న కుర్రాళ్లు బాట పక్కన నిలబడి వాటా వసూలు చేస్తారు, ఆ డబ్బుతో ఏం కొంటారో ఊహించుకో.

మన్ను, వాన

తవ్వే ముందు ఆ నేలకు యూఎన్ మందుపాతరల విభాగం, అంటే అన్మాస్, అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఎర్ర రంగు రాళ్లు ఉన్నవైపు పోవద్దని చిన్నపిల్లలకే తెలుసు. నీ డ్రైవరుకు కూడా తెలిసేలా చూడు. "ఇక్కడ మేము రోజూ నడుస్తాం" అని ఊరివాళ్లు అన్నా సరే, మనిషి నడిచే నేల వేరు, పొక్లెయినర్ తవ్వే నేల వేరు.

జోంగ్లేలో ఎక్కువ భాగం నల్లరేగడి. అలంపురం వైపు వాళ్లకు దాని గుణం తెలుసు: ఎండలో చేయి దూరేంత పగుళ్లు, వానలో మోకాలిదాకా బంక. సుమారుగా మే నుంచి నవంబరు దాకా బాటలు మూసుకుపోతాయి. సిమెంటు ఉగాండా నుంచి నిములే, జుబా మీదుగా రావాలి. నేనున్నప్పుడు నిములే–జుబా మధ్య 192 కిలోమీటర్ల తారు రోడ్డు దాటితే తరువాతదంతా మట్టి బాట లేదా నది మీద పడవే. 6 నెలల పథకాన్ని మార్చిలో మొదలుపెట్టావంటే వానలో సిమెంటు బస్తాలు రాయిగా మారడం చూస్తూ కూర్చోవాలి. దరఖాస్తు వానాకాలంలో పెట్టు, మంజూరు వాన తగ్గేలోపు తెప్పించు, సామాను డిసెంబరులో చేర్చు, మార్చిలోపు కప్పు వేయి.

పునాది పగుళ్ల లోతు దాటాలి. అంత లోతు కుదరకపోతే ఆ మన్ను తీసేసి మొరం పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించు. గోడ చుట్టూ నీళ్లు నిలవకుండా వాలు పెట్టు. దూరం నుంచి మొరం తెప్పించాలంటే ఖర్చు బడి గది ఖర్చును మించిపోవచ్చు. అలాంటప్పుడు ఇటుక గోడ ఆలోచన మానేసి కలప, రేకులతో తేలికైనది కట్టు. ఊరివాళ్లు దానికే మరమ్మతు చేసుకోగలరు.

పెద్ద కట్టడాల మీద మోజు పైనుంచి వస్తుంది. అఫ్గానిస్తాన్‌లోని హెల్మంద్‌లో అమెరికా సైన్యానికి 3 కోట్ల డాలర్లకు పైగా పోసి ఒక కమాండ్ భవనం కట్టారు, అందులో ఎవరూ కాపురం పెట్టలేదు. వాళ్ల తనిఖీ అధికారే ఆ సంగతి బయటపెట్టాడు. మన దేశం అక్కడ జరంజ్–దెలారామ్ రోడ్డు, సల్మా ఆనకట్ట కట్టింది, మంచి పేరే వచ్చింది. కానీ అవి సరిహద్దు రోడ్ల సంస్థ, ఇంజనీర్లు, ప్రభుత్వాలు ఏళ్లకేళ్లు చేసిన పనులు. నీ దళం ఒక విడతలో చేయగలిగింది చిన్నది. చిన్నదే ఎంచుకో.

పశువులు

డింకా, నుయేర్, ముర్లే అందరికీ పశువే ఆస్తి, పశువే కన్యాశుల్కం, హత్యకు పరిహారం కూడా పశువులే. అందుకే మన సైన్యం పశువైద్యులు పెట్టే శిబిరానికి వచ్చినంత జనం మనుషుల వైద్య శిబిరానికి కూడా రారు. రెండు జాగ్రత్తలు. ఎవరినీ "మీకు ఎన్ని పశువులు?" అని అడగకు, నీ దుబాసీని కూడా లెక్కపెట్టనివ్వకు. శిబిరం తేదీ, చోటు వారం ముందే చాటించకు. ఫలానా రోజు మంద మొత్తం ఫలానా చోట ఉంటుందని దోపిడీ ముఠాకు చెప్పినట్టవుతుంది. టీకాలు అక్కడి పశుసంవర్ధక శాఖ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) కార్యక్రమంలో భాగంగానే వేయించు. మిగిలిన రోజుల్లో మందు పట్టించడం, పుండు కడగడం వచ్చిన ఊరి కుర్రాళ్లనే పక్కన పెట్టుకుని నేర్పించు.

నడవడి గురించి ఒక్క పేరా. ఐక్యరాజ్యసమితి 2003 ఉత్తర్వు ప్రకారం డబ్బు, తిండి, ఉద్యోగం, సాయం ఏదైనా చూపి లైంగిక సంబంధం పెట్టుకోవడం నిషిద్ధం. ఆమె ఒప్పుకుందన్న మాట చెల్లదు. రేషన్ జాబితా, కూలి జాబితా నీ చేతిలో ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తర్వు అందరికంటే ముందు నీ జట్టుకే వర్తిస్తుంది. జట్టులో ఎవరిమీద అనుమానం వచ్చినా అదే రోజు పైకి రాసి పంపు.

అప్పగింత

ప్రారంభోత్సవం చిన్నగా చేయి. శిలాఫలకం మీద దళం పేరు చెక్కించాలని పైనుంచి మాట వస్తుంది. ఊరి పేరు పెద్దగా, మనది కింద చిన్నగా ఉండేలా ఒప్పించు. ఆ ప్రాంతం రేపు రెండో పక్షం చేతికి పోతే పేరున్న ఫలకమే ముందు దెబ్బ తింటుంది.

నీ విడత ముగియడానికి చాలా ముందే అప్పగింత మొదలుపెట్టు. ప్రతి పనికీ ఒక కాగితం చాలు: ఎక్కడ ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర, సామాను ఎక్కడ దొరుకుతుంది, నీటి పరీక్ష ఫలితం, ఎవరెవరు ఒప్పుకున్నారు, ఎవరు మూతి ముడుచుకున్నారు. ఆ చివరిది తప్పకుండా రాయి. ఆ కాగితం ఓచా వాళ్లకు, కౌంటీకి, నీ తరువాత వచ్చే దళానికి ఇవ్వు. ఆడవాళ్లు పేరు పెట్టి ఫిర్యాదు చెప్పి ఉంటే ఆ పేర్లు మాత్రం ఏ కాగితంలోనూ ఉండకూడదు. నువ్వు వెళ్లేలోపు బోరింగు ఒకసారి విప్పించు, నువ్వు చేతులు కట్టుకుని నిలబడు, వాళ్లే మళ్లీ బిగించాలి. బిగించలేకపోతే ఇంకోసారి నేర్పించి మళ్లీ విప్పించు.

కొత్తగా వచ్చిన సుబేదారును వెంటబెట్టుకుని ప్రతి ఊరికీ వెళ్లు. రెండు గడుల పుస్తకం తీసి, ఇంకా తీరని మాటలున్న పేజీలు ఊరివాళ్ల ఎదుటే అతడికి చదివి వినిపించు, దుబాసీ చేత వాళ్ల భాషలోనూ చెప్పించు. "అలా అనలేదు, ఇలా అన్నావు" అని వాళ్లు దిద్దితే, అక్కడే దిద్ది, ఇద్దరూ సంతకం పెట్టండి.